సేవామూర్తి రెబెకా గ్రాట్జ్

అమెరికా దేశమందలి ఫిలడెల్ఫియా నగరమున తొలి తరముల యూదులు ఎట్లు జీవించిరి, తమలోని బీదలను ఎట్లు ఆదుకొనిరి, పిల్లలకు ఏమి నేర్పిరి అను విషయములు నేడు మనకు తెలియుచున్నవి. అందులకు ఆధారములు ఆనాటి సంఘముల తీర్మానముల పుస్తకములు, వార్షిక నివేదికలు, ఉత్తరములు. అట్టి కాగితములను తన చేతితో వ్రాసి యుంచినవారిలో అగ్రగణ్యురాలు రెబెకా గ్రాట్జ్.

ఆమె 1781వ సంవత్సరము మార్చి 4వ తేదీన జన్మించెను. తండ్రి మైకేల్ గ్రాట్జ్ ఐరోపాలోని సైలీషియా ప్రాంతమునుండి వచ్చి వర్తకమున పేరు గడించినవాడు. తల్లి మిరియం. పండ్రెండుగురు సంతానములో రెబెకా ఏడవది. కలిమి గల ఇల్లు, మంచి చదువు ఉండెను. సుఖముగా కాలము గడపుటకు ఆమెకు ఏ కొఱతయు లేదు. కాని ఇరువదవ యేట, 1801లో, తల్లితోడను సోదరితోడను కలసి, దుస్థితికి వచ్చిన స్త్రీలను, పిల్లలను ఆదుకొను మహిళా సంఘమున చేరి, దానికి కార్యదర్శి అయ్యెను. అందు యూదులును క్రైస్తవులును కలసి పనిచేసిరి. 1815లో అనాథ శరణాలయ స్థాపనమునందు పాల్గొని, 1819 మొదలు సుమారు నలువదేండ్లు దాని కార్యదర్శిగా నుండెను.

ఈ సేవలో ఆమెకొక చిక్కు కానవచ్చెను. పేద యూదులకు సాయము చేయవచ్చిన క్రైస్తవులలో కొందరు అన్నముతోపాటు తమ మతమును గూడ బోధించుచుండిరి. కడుపు నిండుటకై స్వధర్మమును విడువవలసిన గతి ఎవ్వరికిని పట్టరాదని ఆమె తలచెను. 1819లో ఆమెయు తోడి స్త్రీలును యూదు మహిళా ధర్మసంఘమును నెలకొల్పి, ఆహారము, వంటచెఱకు, వస్త్రములు సమకూర్చిరి. ఆ సంఘమునకును ఆమె చిరకాలము కార్యదర్శియే.

1838లో యూదు బాలబాలికలకు ఆదివారపు పాఠశాలను ప్రారంభించెను. రుసుము లేదు; బోధించువారు స్త్రీలు; బోధన ఇంగ్లీషున. మొదట తగిన పుస్తకములు లేకపోగా, క్రైస్తవ పాఠశాలల పుస్తకములు తెచ్చి, తమకు పొసగని పంక్తులపై కాగితపు ముక్కలు అంటించి పాఠములు చెప్పిరి. 1864 వరకు ఆమెయే దానిని నడిపెను. దిక్కులేని యూదు పిల్లలకు 1855లో ఒక ఆశ్రమము ఏర్పడుటకును ఆమెయే మూలము.

ఆమె వివాహము చేసికొనలేదు. 1823లో సోదరి రేచల్ మరణింపగా ఆమె పిల్లలను తన బిడ్డలవలె పెంచెను. వాల్టర్ స్కాట్ తన ఐవాన్‌హో నవలలోని రెబెకా పాత్రను ఈమెను బట్టియే సృష్టించెనని జనులు చెప్పుకొందురు. ఆ మాటకు రుజువు లేదు. అయినను ఆమె కీర్తికి నవల యక్కఱలేదు.

1869 ఆగస్టు 27న, ఎనుబదియెనిమిదవ యేట, ఆమె కన్నుమూసెను. 1929లో ఆమె లేఖలు గ్రంథరూపమున వెలువడినవి. ఆమె పత్రములు అమెరికాలోని గ్రంథాలయములందు భద్రముగా నున్నవి. ఆనాడు పిడికెడు బొగ్గులకై, ఒక కంబళికై తలుపు తట్టిన పేదరాలి సంగతి యీనాడు మనకు తెలియుటకు అట్టి వ్రాతలే కారణము.

సంస్థను స్థాపించుట యొక పుణ్యము. దాని పుస్తకములను ఏటేట తప్పక వ్రాసి కాపాడుట మఱియొక పుణ్యము. ఇరువదియైదేండ్ల చందా పుస్తకములును, సభా తీర్మానములును గల మన గ్రంథాలయమునకు ఈమె జీవితము స్మరణీయము.