డాక్టరు హోమీ భాభా చరిత్రము

డాక్టరు హోమీ జహంగీర్ భాభా 1909వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన బొంబాయి నగరమున సంపన్నమగు పార్సీ కుటుంబమున జన్మించిరి. కుమారుని ఇంజనీరుగా జేసి జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున నిలుపవలెనని తండ్రి కోరిక. కేంబ్రిడ్జిలో ఆ పరీక్షయందు ప్రథమశ్రేణి వచ్చెను గాని, మనస్సు భౌతికశాస్త్రమున జిక్కెను. ఆకాశమునుండి భూమిపై గురియు విశ్వకిరణములను గూర్చి హైట్లర్ అను పండితునితో గూడి 1937లో వెలువరించిన సిద్ధాంతము ఆయనకు ఖ్యాతి దెచ్చెను. ఈ హైట్లర్ వేఱు, నియంత హిట్లర్ వేఱు. ఆ నియంత పాలన మూలముననే ఈ పండితుడు జర్మనీ విడిచెను.

1939లో సెలవులకు స్వదేశము వచ్చియుండగా యూరపులో యుద్ధము మొదలయ్యెను. తిరిగి పోవుట పొసగలేదు. బెంగుళూరున సర్ సి. వి. రామన్ చెంత బనిచేయుచు, ఇక నిచ్చటనే నిలువ నిశ్చయించిరి. అణుశక్తి అక్కఱకు వచ్చునాటికి నిపుణులకై పరదేశముల వంక జూడకుండ వారిని ఇచ్చటనే తీర్చిదిద్దు సంస్థ కావలెనని 1944 మార్చిలో టాటా ధర్మనిధివారికి వ్రాసిరి. హిరోషిమాపై బాంబు పడుటకు ఏడాదికి పైగా ముందుమాట యిది. మరుసటి యేడు టాటా మౌలిక పరిశోధన సంస్థ వెలసెను.

1955లో జెనీవాలో అణుశక్తి శాంతి వినియోగములపై జరిగిన మహాసభకు ఆయనయే అధ్యక్షులు. సూర్యుని మండించు సంలీన శక్తి ఇరువదేండ్లలో మానవుని చేతికి వచ్చునని అచ్చట జెప్పిరి; ఆ మాట చెల్లలేదు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయ నారంభించెను. కట్టినవారు మన ఇంజనీర్లు, ఇంధనము బ్రిటనుది. విత్తనము పొరుగూరిదైనను దున్నినవాడు మన రైతే గదా. కెనడా సాయమున 1960లో నడచిన రియాక్టరు లెక్క ఇంత సులువుగా తేలదు. శాంతికై యిచ్చిన ఆ యంత్రమున బుట్టిన ప్లుటోనియముతో 1974లో పోఖ్రానున పరీక్ష జరుగగా కెనడా తన సహకారము మానుకొనెను. అప్పటికి భాభా లేరు.

అన్నిటికంటె ముచ్చటైనది కోలారు బంగారు గనుల కథ. న్యూట్రినో అను కణము దేనితోను కలియక భూగోళమునైనను దాటిపోవును. ఎప్పుడో అరుదుగా రాతిని దాకినపుడు పుట్టు మఱియొక కణమును బట్టియే దాని జాడ తెలియవలెను. పైనుండి వచ్చు విశ్వకిరణముల సందడి అణగినగాని అది కనబడదు. అందులకు మందమగు రాతిపొర కావలెను. భాభా ప్రేరణచే యువశాస్త్రజ్ఞులగు బి. వి. శ్రీకంఠన్ 1950 ప్రాంతముననే యంత్రములతో గనిలోనికి దిగిరి. తరువాత జపానునుండి ఒసాకా నగర విశ్వవిద్యాలయమువారును, ఇంగ్లండునుండి డర్హం విశ్వవిద్యాలయమువారును వచ్చి కూడిరి. సుమారు 7,600 అడుగుల లోతున 1965లో వాతావరణమున బుట్టిన న్యూట్రినోల జాడ చిక్కెను. అదే యేట దక్షిణాఫ్రికా గనిలో మఱియొక బృందమును అదే వేటలో గెలిచెను. సాయము కోరి మనము పరుల గడప త్రొక్కుట కాక, పరులే మన గనిలో దిగి సరిసమానులై పనిచేసిన సందర్భ మిది.

1966 జనవరి 24న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సలహాసంఘ సమావేశమునకై వియన్నా పోవుచుండగా భాభా ప్రయాణించు విమానము ఆల్ప్స్ పర్వతములలో మోంబ్లాను శిఖరమును ఢీకొనెను. ఎవరును బ్రతుకలేదు. అప్పటికి ఆయనకు 56 ఏండ్లు. కోలారు గనిలో లెక్కింపు మాత్రము సాగుచునే యుండెను.