ఎదుటివాని యెత్తు నాపిన వీరుడు: ఆరన్ నిమ్జోవిచ్

చదరంగము మన భరతఖండమున జనించి, పారసీక దేశము మీదుగా పాశ్చాత్యులకు చేరిన క్రీడ. పెద్దలు వీథియరుగులమీద గూర్చుండి ప్రొద్దు క్రుంకువఱకు దీని నాడుట మనలో ననేకు లెఱిగినదే. ఈ క్రీడ నభ్యసించు బాలురు సామాన్యముగ నొక్క పొరపాటు చేయుదురు. తామెక్కడ కొట్టవలయును, ఏ పావును పట్టవలయును అను చింతయే గాని, ఎదుటివా డేమి చేయదలచి యున్నాడో యను విచారము వారికుండదు. గెలుపు చేతికందెనని తలచునంతలో నెదుటి గుర్రమొకటి దుమికివచ్చును, ఆట తలక్రిందులగును. ముందుగ నెదుటివాని యెత్తు నాపి, పిమ్మట తన యెత్తు వేయుట మేలని లోకమునకు బోధించిన ఆటగాడొకడు గలడు. ఆతని పేరు ఆరన్ నిమ్జోవిచ్. ఆతని చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగ నెఱిగింప బూనుకొంటిమి.

పాశ్చాత్యులు మన మంత్రిని రాణిగా మార్చి, ఎల్ల దిక్కులకు నెంత దూరమైనను పోగల బలము నొసగిరి. మేము మాత్రము మన వాడుకచొప్పున ఆ పావును మంత్రి యనియే వ్రాయుదుము. తిన్నగ నడచు పావును ఏనుగు అనియు, మూలగ నడచుదానిని శకటు అనియు పాఠకులు గ్రహింతురు గాక.

నిమ్జోవిచ్ 1886వ సంవత్సరము నవంబరు 7వ తేదీన రీగా పట్టణమున నొక యూదు కుటుంబమున జన్మించెను. ఆ పట్టణము నేడు లాట్వియా దేశమునకు రాజధాని. ఆ కాలమున రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. తండ్రి వర్తకుడు, చదరంగమున దిట్ట. ఆయనయే కుమారునకు ఎనిమిదవ యేట ఈ క్రీడ నేర్పెను. 1904లో తత్త్వశాస్త్రము చదువుటకై కుమారుడు జర్మనీ దేశమునకు బోయెను. అచట చదువు వెనుకబడి చదరంగము ముందునకు వచ్చెను.

ఆ తొలినాళ్లలో నిమ్జోవిచ్ మెఱుపుదాడులయందు మక్కువ గల యువకుడు. బలమైన ఆటగాండ్ర యెదుట ఆ దాడులు నిలువలేదు. 1905లో బార్మెన్ పట్టణమున జరిగిన పోటీలో నతడు చిట్టచివరి స్థానములకు సమీపమున నిలిచెను. ఇరువది యేండ్లయిన నిండని వాని కది గొప్ప అవమానము. అట్టి సమయమున పలువురు ఆటను విడిచిపెట్టుదురు. మఱికొందరు అదృష్టమును నిందింతురు. ఇతడు రెండును చేయక, తన యాటలో లోపమెక్కడ నున్నదో వెదకుటకు కూర్చుండెను. మరుసటి సంవత్సరము 1906లో మ్యూనిక్ నగరపు పోటీలో మొదటి స్థానము నాతడు గెలిచెను.

ఆ కాలమున చదరంగ లోకమునకు ఆచార్యస్థానమున నుండినవాడు న్యూరెంబర్గు పట్టణపు వైద్యుడు జీగ్‌బెర్ట్ టారాష్. బల్ల నడుమ గడులను బంట్లతో నాక్రమింపవలయుననియు, పావులకు విశాలమైన చోటుండవలయుననియు ఆయన బోధ. అది మంచి బోధయే. దానిచే వేలకొలది జనులు ఆట నేర్చుకొనిరి. కాని నిమ్జోవిచ్ దానియందొక కొఱత గనెను. మన పావులకు చోటుండుట యొక్కటియే చాలదు. ఎదుటి పావులకు దారి తెఱచియున్నచో మన విశాలమైన చోటు వారికే రాజమార్గమగును. నడిమి గడులలో బంట్లే యుండనక్కరలేదు. దూరమునుండి శకటులును గుర్రములును కాపుగాచినను చాలునని యాతని వాదము.

ఆ వాదమును 1911లో కార్ల్స్‌బాద్ పట్టణమున సాల్వె యనువానితో నాడిన యాటలో నాతడు ఋజువు చేసెను. తన నడిమి బంట్లు రెండును మార్పిడిలో పోవుటకు సమ్మతించి, ఖాళీయైన యా గడులలో నొకదాన శకటును, వేఱొకదాన గుర్రమును నిలిపెను. ఎదుటివాని నడిమి బంట్లు రెండును వానిముందు గోడ కడ్డుపడినట్లు నిలిచిపోయెను. బంట్లు కదలనందున వాని వెనుకనున్న పావులును కదలలేదు. నిమ్జోవిచ్ తొందరపడక ఆటను గెలుచుకొనెను. ఈ కొత్త మతమును 1913లో వియన్నా నగరపు చదరంగ పత్రికలో వివరించుచు, టారాష్ గ్రంథమును తీవ్రముగ ఖండించెను. గురుస్థానమున నున్న వృద్ధుని పిన్నవాడు బహిరంగముగ నెదిరించుట పలువురికి రుచింపలేదు.

అంతట 1914 వచ్చెను. సెయింటు పీటర్స్‌బర్గు నగరమున జరిగిన మహాపోటీలో ఆ ఇరువురును ఎదురెదుర గూర్చుండిరి. టారాష్ నడిమి బంట్లు రెండు ప్రక్కప్రక్కన నిలిచియుండెను. వానిని ముందునకు సాగనీయకుండుట నిమ్జోవిచ్ సిద్ధాంతము ప్రకారము మొదటి పని. కాని ఆనాడు అందొక బంటు ఒక్క గడి ముందునకు నడచెను. అంతవఱకు మూసియున్న మూలదారులు తెఱచుకొనెను. టారాష్ తన శకటులు రెంటిని ఒకదానివెంట నొకటి బలియిచ్చి, రాజు చుట్టునున్న కోటను కూల్చెను. ఆ యాటకు బహుమానము కూడ లభించెను. నిమ్జోవిచ్ ఆ పోటీలో తుదివిభాగమునకు చేరనేలేదు. ఎదుటివాని యెత్తు నాపవలయునని వాదించినవాడు, ఆపవలసిన యొక్క యెత్తు నాపజాలక, లోకమెల్ల చూచుచుండగా నోడెను.

పిమ్మట మహాయుద్ధము, దానివెంట రష్యా విప్లవము వచ్చిపడెను. నిమ్జోవిచ్ స్వస్థలమును విడిచి 1920లో స్వీడను దేశము చేరెను. ఆ యేట గోథెన్‌బర్గు పోటీలో నాతని యాట మిక్కిలి పేలవముగ నుండెను. 1922లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ చేరి, అచట నొక చిన్న అద్దెగదిలో నివాస మేర్పఱచుకొనెను. దేశము పోయెను, ధనము లేదు, కీర్తి మాసెను. మిగిలినది ఆతని పద్ధతి యొక్కటియే. దానిని నిలువబెట్టుకొన్ననే గాని తాను నిలువజాలని స్థితి యది.

ఆ గదినుండియే 1925లో దిగ్బంధమును గూర్చిన చిన్న పుస్తకమును, నా పద్ధతి యను మహాగ్రంథపు మొదటి భాగములును జర్మను భాషలో వెలువడెను. తరువాత ఆ పద్ధతిని తన యాటలతో వివరించు వేఱొక గ్రంథమును వ్రాసెను. ఆ బోధ సారమును మా మాటలలో నిట్లు చెప్పవచ్చును. ప్రతి యెత్తుకు ముందు, ఈ తడవ నాది కాక ఎదుటివానిదే యైనచో నతడేమి చేయునని ప్రశ్నించుకొనవలయును. ఆ జవాబు మనకు చెఱుపు చేయునదైనచో, మన కోరికను కొంచెము వాయిదా వేసి, ముందుగ దానికి కళ్లెము వేయవలయును. ముందునకు సాగదలచిన బంటు ముందఱి గడిలో మన పావు నొకదాని నిలుపవలయును. అందుకు గుర్రము మిక్కిలి తగినది. కదలలేని బంటు తన వెనుకనున్న సైన్యమునకే అడ్డగోడ యగును. అది కదలలేని స్థితికి వచ్చిన పిమ్మటనే దానిని కొట్టవలయును.

వరద వచ్చిన పిమ్మట గండి పూడ్చుటకు పరుగిడు రైతునకును, వానలకు ముందే కాలువగట్టు చుట్టి చూచి బలహీనమైన చోట మట్టి వేయు రైతునకును గల భేదమే ఇచటను గలదు. రెండవవాడు చేసిన పని యెవరి కంటను పడదు. ఏలయన, రావలసిన యాపద రాకుండుటయే యాతని విజయము.

ఈ బోధకు కిరీటమనదగిన యాట 1923లో కోపెన్‌హేగన్ నగరముననే జరిగెను. ఎదుట తెల్లపావులతో నాడినవాడు జర్మను ఆటగాడు జేమిష్. నిమ్జోవిచ్ రెండు బంట్లకు బదులుగ నొక గుర్రము నిచ్చివేసి, ఎదుటివాని పావుల నొక్కొక్కటిగ నిరుకున బెట్టెను. ఇరువదియైదవ యెత్తున నాతడు రాజు ప్రక్కనున్న బంటును ఒక్క గడి జరిపెను. అది దాడి కాదు. ఏ పావును పట్టునదియు కాదు. ఊరకుండుటవంటి యెత్తు. కాని బల్లనిండ పావులుండగనే తెల్లవానికి చెఱుపు చేయని యెత్తొక్కటియు మిగులలేదు. ఏది కదల్చినను నష్టమే. కదల్పక యుండుటకు నియమము లేదు. జేమిష్ ఓటమి నొప్పుకొనెను. ఎత్తు వేయక తప్పని యీ నిర్బంధమునకు జర్మనులు జుగ్‌జ్వాంగ్ అని పేరిడిరి.

1926లో డ్రెస్డెన్ పోటీలో నిమ్జోవిచ్ తొమ్మిది ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లు సంపాదించి, మఱుసటి యేట లోకవిజేత కాబోవు అలెఖిన్‌ను సైతము మించెను. ఆ పోటీలో యోహ్నర్ అను స్విట్జర్లాండు ఆటగానితో నాడినపుడు, తన మంత్రిని అంచెలంచెలుగ నడిపి రాజు ప్రక్కనున్న మూలకు చేర్చెను. చూచువారికది వింతగ దోచెను. ఎదుటి బంట్ల ముందడుగును అచటనుండి అడ్డగించి, వాని నన్నిటిని కదలకుండ చేసిన పిమ్మటనే ఆతడు దాడికి దిగి గెలిచెను. నిరోధమన్న పిఱికితనమని తలచువారికి ఈ యాటయే జవాబు. ఎదుటివాని చేయి కట్టుట, మన చేయి ముడుచుకొని కూర్చుండుటకు గాదు. నిర్భయముగ ముందునకు సాగుటకే.

నిమ్జో ఇండియన్ అని నేటికిని ఆటగాండ్రెల్లరు నేర్చుకొను ప్రారంభవిధానమును ఇతని పేరనే వెలసినది. అందు నల్లవాడు మూడవ యెత్తుననే శకటును పంపి తెల్లగుర్రమును కట్టివేయును. తెల్లవాడు నడుమ రెండవ బంటును సులభముగ ముందునకు నెట్టకుండ చేయుటయే అందలి ముఖ్యోద్దేశము.

1929లో కార్ల్స్‌బాద్ పట్టణమున ఇరువది యిద్దరు ఆటగాండ్రు గూడిన పోటీలో నిమ్జోవిచ్ 15 పాయింట్లతో మొదటివాడయ్యెను. పూర్వపు లోకవిజేత కాపబ్లాంకాయును, ష్పీల్‌మన్‌యును ఆతనికి అర పాయింటు వెనుకబడిరి. లోకవిజేత పదవికై అలెఖిన్‌తో పోరాడవలయునని యాతని కోరిక. కాని అట్టి పోరాటమునకు వలయు ధనము సమకూడలేదు.

1930లో ఇటలీ దేశపు సాన్ రెమో పోటీలో నా యిరువురును కలిసికొనిరి. అలెఖిన్ తన ఏనుగులు రెంటిని, వాని వెనుక మంత్రిని ఒకే వరుసలో నిలిపి, నిమ్జోవిచ్ పావుల నన్నిటిని కాపలాపనికే కట్టివేసెను. ముప్పదవ యెత్తున అంచుననున్న బంటు నొకదానిని నెమ్మదిగ ముందునకు జరిపెను. నిమ్జోవిచ్ బల్లను జూచి ఓటమి నొప్పుకొనెను. కొంచెము సేపటిలో తనకు మంచి యెత్తొక్కటియు మిగులదని యాతడు లెక్కించుకొనగలిగెను. ఏడేండ్లకు ముందు తాను జేమిష్ మెడకు వేసిన ఉరియే తన మెడకు వచ్చెను. అయినను ఆ పోటీలో నలెఖిన్ తరువాతి స్థానము నిమ్జోవిచ్‌దే. ఒకనికి తెలిసిన విద్య లోకమున నాటుకొన్నదనుటకు, ఆ విద్యచేతనే యాతడోడుటకంటె గట్టి నిదర్శన మేమి గలదు?

ఇట్టి ప్రజ్ఞావంతునకు మనశ్శాంతి మాత్రము కొఱతయే. ఆతడు త్వరగ నొచ్చుకొనువాడు, పరుల మాటలలో నవమానమును వెదకువాడు. ఎదుటివాని బంటు ఎచట అడుగిడునో ముందుగ గనిపెట్టినవాడు, తన కోపము ఎచట అడుగిడునో గనిపెట్టలేకపోయెను. ఇది యాతనిని నిందించుటకు గాదు, మనమును మేలుకొనుటకే వ్రాయుచున్నాము. 1934లో నార్డిక్ దేశముల విజేతగా రెండవసారి నిలిచిన కొలది కాలమునకే జబ్బుపడి, 1935వ సంవత్సరము మార్చి 16వ తేదీన ఊపిరితిత్తుల వాపుచే కోపెన్‌హేగన్‌లో మరణించెను. అప్పటికి వయస్సు 48 ఏండ్లు. ఆ నగరమందలి బిస్పెబ్యెర్గ్ శ్మశానవాటికలో నాతని సమాధి గలదు.

ఆతని గ్రంథములు మాత్రము ప్రయాణము మానలేదు. టిబిలిసి పట్టణమున 1929లో జన్మించిన టిగ్రాన్ పెట్రోసియన్ అను బాలుడు యుద్ధకాలమున తలిదండ్రులను గోల్పోయి, వీథులూడ్చి పొట్ట పోసికొనెను. అట్టి పేదఱికమున తన రేషనును వెచ్చించి నిమ్జోవిచ్ గ్రంథము నొకదానిని కొని, దానిని పలుమాఱులు చదివెను. ఎదుటివాని తలంపును వానికంటె ముందుగనే పసిగట్టి యాపుటలో నాతనికి సాటి లేరను కీర్తి వచ్చెను. 1963 మొదలు 1969 వఱకు లోకవిజేతగా నుండెను. చిన్న గదిలో నొంటరిగ నొకడు వ్రాసిన పుటలు, ఎన్నడును చూడని యనాథబాలుని చేతబట్టి నడిపించెనన్నమాట.

పదివేల సేనతో బయలుదేరు రాజు, ఇరువదివేల సేనతో నెదురువచ్చు వానిని నిలువరింపగలనా యని ముందుగ కూర్చుండి ఆలోచించునని ప్రభువు చెప్పిన యుపమానము మన విద్యార్థు లెఱిగినదే. పరీక్షకు కూర్చుండుబోవు విద్యార్థికి తాను బాగుగ నెఱిగిన పాఠమును మఱల చదువుట సుఖముగ నుండును; తనను పడద్రోయగల పాఠమును ముందుగ వెదకి పట్టుట కష్టముగ నుండును. ఆ కష్టమైన పనినే ముందుగ చేయుమని నిమ్జోవిచ్ చరిత్రము బోధించుచున్నది. సోమరితనము, దుస్సహవాసము, కోపము మొదలగు ప్రత్యర్థులు మనయెదుటను గూర్చుండియున్నవి. అవి మొదటి అడుగు వేయకమునుపే వాని యెదుటి గడిలో మంచి యలవాటు నొకదానిని కావలి నిలుపుట మన బాలబాలికల కెల్లరకు సాధ్యమే యని మా విశ్వాసము.