వాన్ డెర్ వాల్స్ మహాశయుడు

హాలెండు దేశమునందలి లైడెన్ పట్టణమున 1837వ సంవత్సరము నవంబరు 23వ తేదీన యోహానెస్ డిడెరిక్ వాన్ డెర్ వాల్స్ జన్మించెను. తండ్రి వడ్రంగి. పదిమంది సంతానములో ఈతడే జ్యేష్ఠుడు. ఉన్నతవిద్యకు స్తోమతు లేని కుటుంబమగుటచే పిన్నవయసుననే ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. తీరిక వేళల గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసించెను. లైడెన్ విశ్వవిద్యాలయమున ఉపన్యాసములు వినుటకు అడ్డు లేకపోయినను, లాటిను గ్రీకు భాషలు నేర్వనందున పరీక్షలకు కూర్చుండు అర్హత ఆతనికి లేకుండెను. పిదప చట్టము మారి శాస్త్రవిద్యార్థులకు ఆ నిర్బంధము తొలగెను. ఉన్నత పాఠశాలలో బోధించుచునే, 1873లో, 35 ఏండ్ల వయస్సున, ఆతడు తన పరిశోధన గ్రంథమును సమర్పించెను.

ఉష్ణోగ్రత మారనిచో, పీడనము రెట్టింపైనపుడు వాయువు పరిమాణము సగమగునని బాయిలు సూత్రము. ఆదర్శ వాయువు దీనిని తూచా తప్పక పాటించును. అట్టి వాయువు ఊహయందే కలదు. నిజమైన వాయువులు అల్పపీడనమున సూత్రమునకు చేరువగా నడచి, అధిక పీడనమున దూరమగును. ఈ భేదమునకు వాల్స్ రెండు కారణములు చూపెను. అణువులు పరస్పరము ఆకర్షించుకొనును. కావున బొగ్గుపులుసు వాయువు వంటివి సాధారణ ఉష్ణోగ్రతయందు కొంతమేరకు సూత్రము చెప్పినదానికన్న అధికముగా కుంచించుకొనును. అణువులకు స్వంత పరిమాణము కూడ కలదు. పీడనము మిక్కిలి హెచ్చినపుడు అవి తమ చోటు వదలవు. కావున అప్పటి పరిమాణము సూత్రము చెప్పినదానికన్న ఎక్కువగా నిలుచును. ఈ రెంటిని రెండు స్థిరాంకములుగా చేర్చి ఆతడు ఒక సమీకరణము నిర్మించెను. అణువుల ఉనికినే పలువురు శంకించుచున్న కాలమది. ఆంగ్ల దేశమున మాక్స్‌వెల్ పండితుడు ఈ కృషిని ప్రశంసించెను.

1877లో వాల్స్ ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1880లో వాయువులన్నిటికి సమానముగా వర్తించు మరియొక సూత్రమును వెల్లడించెను. మరుసటి సంవత్సరమే క్షయవ్యాధిచే భార్య మరణించెను. నలుగురు బిడ్డలతో మిగిలిన ఆతడు ఆ దుఃఖమున దాదాపు పదేండ్లు ఏమియు ప్రచురింపలేదు. ఆతని సూత్రము మాత్రము ఊరక ఉండలేదు. దాని ఆధారముననే 1898లో డ్యూవర్ ఉదజనిని, 1908లో కామర్లింగ్ ఓన్స్ హీలియమును ద్రవముగా మార్చగలిగిరి. 1910లో వాల్స్‌కు నోబెల్ బహుమానము లభించెను. 1923వ సంవత్సరము మార్చి 8వ తేదీన ఆతడు దివంగతుడయ్యెను.

నియమమునకు లొంగని వాయువును దోషిగా ఎంచక, నియమమునందలి లోపమును వెదకుట ఈ వడ్రంగి కుమారుని గొప్పతనము. ఆతని జీవితమును సైతము ఒక నియమము చిరకాలము అడ్డగించెను. అది సడలినందుననే లోకమునకు ఆతని ప్రతిభ దక్కినది.