డ్రిల్లు మాస్టారు కోడి రామ్మూర్తి నాయుడు



కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది ఏనుగు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కలియుగ భీముడని పెద్దలు చెప్పగా విన్నాం. ఉక్కు గొలుసులు తెంచాడనీ, కారును కదలనీయకుండా ఆపాడనీ విన్నాం. అయితే ఆయన సర్కస్ పెట్టకముందు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ హాస్టల్లో చదువుకుని, ఈరోజు వ్యాయామోపాధ్యాయుడిగా బతుకుతున్న నాకు ఏనుగు కన్నా ఆ డ్రిల్లు మాస్టారే ముఖ్యం. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆయన గురించి రాయాలనిపించింది.

రామ్మూర్తి గారు 1880ల తొలి సంవత్సరాల్లో వీరఘట్టంలో జన్మించారు. ఆ ఊరు చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు గారు. తల్లి చిన్నతనంలోనే పోయారు. తల్లి లేని పిల్లవాణ్ణి విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి గారి దగ్గరకు పంపారు. ఊరు విడిచి, ట్రంకు పెట్టెతో వచ్చి, తెలియని గోడల మధ్య మొదటి రాత్రి నిద్రపట్టక దొర్లిన మనకు ఆ పిల్లవాడి మనసు ఒకరు చెప్పనక్కర్లేదు.

విజయనగరంలో ఆయనకు పుస్తకాల కంటే తాలింఖానా నచ్చింది. ఆ రోజుల్లో మన ఊళ్లలో వ్యాయామశాలను అలాగే పిలిచేవారు. దండేలు, బస్కీలు, సాముగరిడీలు, మట్టి గోదాలో కుస్తీ, అన్నీ అక్కడే. చదువులో వెనకబడిన పిల్లవాణ్ణి పనికిరానివాడని తేల్చేయడం మనకు అలవాటు. రామ్మూర్తి గారి విషయంలో ఇంట్లోవాళ్లు అలా చేయకుండా, ఆయన ఇష్టపడిన దారిలోనే పోనిచ్చారు. 20 ఏళ్లు దాటేసరికి ఆయన ఛాతీమీద టన్నుకు పైగా బరువు మోసేవారట.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన తాలింఖానాలో దండేలు తీస్తున్న కాలంలో మన తాతముత్తాతలకు బడి గడప ఎక్కడమే గగనం. బరువులు మాత్రం వాళ్లూ మోశారు. ధాన్యం బస్తాలు మోశారు, బండలు మోశారు, పాలేరుతనం చేశారు. వాళ్ల బలం ఎప్పుడూ ఇంకొకరి పనికే ఖర్చయింది. తన శరీరాన్ని తన కోసం పెంచుకోవడమనేది వాళ్లకు దక్కని భోగం. సాయంత్రం ఒక గంట ఎవరి పనీ చేయకుండా ఆడుకునే హక్కు మన కుటుంబాల్లో బహుశా మన తరానికే దక్కింది. అందుకే ఆటల పీరియడు వచ్చేసరికి లెక్కల సారు సుద్దముక్క పట్టుకుని లోపలికి వస్తే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. నేను చదివిన బడిలో వారానికి రెండు ఆటల పీరియడ్లు కాగితం మీద ఉండేవి. పదో తరగతిలో ఒక్కటి కూడా ఆడనివ్వలేదు.

రామ్మూర్తి గారు బలంతోనే ఆగిపోలేదు. మద్రాసు సైదాపేటకు వెళ్లి ఒక సంవత్సరం వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేశారు. బలం ఉండటం వేరు, దాన్ని నలభై మంది పిల్లలకు దెబ్బ తగలకుండా నేర్పడం వేరు. ఎవరికి ఎంత చేయించాలి, ఎప్పుడు ఆపాలి అన్నది నేర్చుకుని రావలసిన విద్య. ఈనాడు దక్షిణాది పీఈటీలు గొప్పగా చెప్పుకునే మద్రాసు వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ స్థాపించింది 1920లో. రామ్మూర్తి గారి శిక్షణ అంతకు చాలా ఏళ్ల ముందే ముగిసింది. తిరిగొచ్చి విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ శిక్షకుడిగా చేరారు. ఏ బడిలో పుస్తకాల చదువు ఒంటబట్టలేదో ఆ బడికే మాస్టారుగా రావడం నాకు ఏనుగు మోయడం కన్నా గొప్పగా తోస్తుంది.

ఆ ఉద్యోగంలో ఆయన ఎక్కువకాలం ఉండలేదు. పొట్టి పంతులు అనే మిత్రుడి ప్రోత్సాహంతో, తుని రాజావారి సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ తెలుగు జిల్లాలు తిరిగి, మద్రాసు చేరి, ఉత్తరాదికీ వెళ్లింది. అక్కడ ఆయనను ప్రొఫెసర్ రామమూర్తి అనేవారు. 1905లో బెంగాల్ విభజన జరిగి స్వదేశీ ఉద్యమం సాగుతున్న రోజులవి. భారతీయులు బలహీనులని తెల్లదొరలు తీసిపారేస్తుంటే, బెంగాల్ కుర్రాళ్లు వ్యాయామశాలలు పెట్టుకుని కర్రసాము నేర్చుకుంటున్నారు. అలాంటి సమయంలో గొలుసులు తెంచే తెలుగువాడు గుడారంలో నిలబడితే చూసేవాళ్లకు అది సర్కస్ ఒక్కటే కాదు. పండిత మదనమోహన మాలవీయ వంటి నాయకులు ఆయనను ఆదరించారు. ఇంగ్లండుకూ వెళ్లివచ్చారు. ఇండియన్ హెర్క్యులెస్ అన్న పేరు అలా వచ్చింది. వైస్రాయి మింటో స్వయంగా కారు నడిపితే గొలుసు పట్టుకుని ఆపారన్న కథ కూడా ఉంది. మా నాయనమ్మ అయితే ఆ కారును రైలుగా మార్చి చెప్పేది!

ఏనుగు సంగతి అడగకుండా మీరు వదలరు కదా. ఏనుగు బరువు సుమారు 3 టన్నులు. అది తిన్నగా ఛాతీ మీద కాలు వేస్తే ఎంతటివాడైనా నుజ్జవుతాడు. ఇలాంటి ప్రదర్శనల్లో మనిషి వెల్లకిలా పడుకుంటే గుండెల మీద బలమైన చెక్క పరుస్తారు. బరువు ఒకే చోట పడక వెడల్పుగా పరుచుకుంటుంది. మీ సైన్సు పుస్తకంలో పీడనం పాఠం ఇదే. కానీ చెక్క ఉన్నంత మాత్రాన చాలదు. ఊపిరి నిండా పీల్చి బిగబట్టి, పక్కటెముకలు కుంగకుండా అన్ని క్షణాలు నిలపాలి. గొలుసు తెంచడంలోనూ కిటుకు శ్వాసలోనే ఉంది. రామ్మూర్తి గారు ప్రాణాయామం ఏళ్ల తరబడి సాధన చేశారు. ఎవరూ గది తలుపులేసుకుని ఒకరి మీద ఒకరు ఎక్కి ప్రయత్నించకండి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకడు అలా ప్రయత్నించాడు. వార్డెన్ గారు వాణ్ణి రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఆయన శాకాహారి. మాంసం తినకపోతే కండ రాదన్నది అబద్ధమని ఆయన్ను చూస్తే తెలుస్తుంది. అలాగని గుడ్డు మానేయమని నేను చెప్పడం లేదు. హాస్టల్లో గుడ్డు పెట్టే రోజున దాన్ని వదలకండి, పప్పును పళ్లెం అంచుకు నెట్టేయకండి. పప్పు, వేరుశెనగ, పాలు, గుడ్డు, ఇవే మనకు అందే బలం. కండ పెరగాలంటే వీటితో పాటు నిద్ర కూడా కావాలి. రాత్రి పన్నెండు దాకా మేలుకునేవాడు పొద్దున ఎన్ని బస్కీలు తీసినా లాభం లేదు.

చివరి రోజులు బాధాకరమైనవి. ఆయన కాలికి పుండు పడింది. అది మానక, ముదిరి, చివరికి కాలు తీసేయవలసి వచ్చింది. పెన్సిలిన్ మందుగా వాడుకలోకి రాని కాలమది. ఆ ఆపరేషన్ మత్తుమందు లేకుండా, ప్రాణాయామ బలంతో చేయించుకున్నారని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ వినేటప్పుడు అందరూ ఆయన ఓర్పును చూస్తారు. నాకు మాత్రం ఆ పుండే కనిపిస్తుంది. ఏనుగుకు లొంగని శరీరం ఒక పుండుకు లొంగింది. ఒట్టి కాళ్లతో కబడ్డీ ఆడి, మేకు గుచ్చుకుంటే పసుపు రాసి ఊరుకునే మన పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ కాలు గుర్తొస్తుంది. ఒరే, సబ్బుతో కడిగి, పి.హెచ్.సి.కి వెళ్లి ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోండిరా అని రోజుకు ఒకరికైనా చెప్పకుండా నాకు గడవదు.

లక్షలు గడించిన మనిషే అయినా దానధర్మాలకు చెయ్యి వెనక్కి తీయలేదంటారు. కాలు పోయాక గుడారమూ పోయింది. ఒడిశాలోని బలాంగీర్‌లో, అప్పటి పట్నా సంస్థాన రాజావారి ఆదరణలో ఉంటూ 1942 జనవరిలో కన్నుమూశారు.

విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళం పట్టణంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆ మైదానంలో సైన్యం రిక్రూట్‌మెంట్ ర్యాలీలు జరిగాయి. అలాంటి ర్యాలీలో మొదటి పరీక్ష 1600 మీటర్ల పరుగు. తెల్లవారుజామున చీకట్లో బారులు తీరిన కుర్రాళ్లు, చేతిలో సర్టిఫికెట్ల కవరు, కాళ్లకు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న బూట్లు. రోజూ పరిగెత్తినవాడు మూడో రౌండు దాటాక కూడా ఊపిరి అందుకుంటాడు, పరిగెత్తనివాడు అక్కడే నడుం పట్టుకుని నిలబడిపోతాడు. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు మన గ్రౌండులో పొద్దున 5 గంటలకు నేనుంటాను. బూట్లు లేకపోయినా రండి.