ఎర్ర జెండా, గళ్ల జెండా: ఆర్చీ లీగ్ జీవితం

విమానం అనగానే మనకు రైట్ సోదరులు గుర్తుకొస్తారు. క్విజ్ పోటీల్లో అడిగేదీ వాళ్ల గురించే. ఎగిరిన విమానాలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కింద నిలబడి చూసుకున్న మనుషుల గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈ సంచికకు ఒక గొప్పవాడి జీవితం రాయమని మాకు అప్పగించినప్పుడు మేము అలాంటి మనిషినే ఎంచుకున్నాం. ఆయన పేరు ఆర్చీ లీగ్. ఏ యంత్రాన్నీ కనిపెట్టలేదు. ఉద్యోగంలో చేరిన రోజున ఆయన చేతిలో ఉన్నవి రెండు జెండాలు, ఒక ఒంటిచక్రం తోపుడు బండి. అయినా విమానాలకు దారి చూపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల లోకంలో ఆయన పేరు తెలియనివారు అరుదు.

ఆర్చీ లీగ్ 1907లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, పోప్లర్ బ్లఫ్ అనే ఊళ్లో పుట్టారు. కుర్రతనంలోనే విమానాల పిచ్చి పట్టుకుంది. మెకానిక్ పని నేర్చారు, విమానం నడపడం నేర్చారు. ఆ రోజుల్లో అక్కడ మన జాతరలకు సర్కస్ వచ్చినట్టు ఊరూరా తిరిగి ఆకాశంలో గారడీలు చూపే విమాన బృందాలు ఉండేవి. ఆయన అలాంటి ఒక బృందంలో పనిచేశారు.

1929లో సెయింట్ లూయిస్ నగరం తన లాంబర్ట్ విమానాశ్రయంలో ఆయనకు కొత్త పని ఇచ్చింది. విమానాశ్రయం అంటే ఇప్పటి శంషాబాద్‌ని ఊహించుకోకూడదు. అప్పటి విమానాల్లో చాలావాటికి రేడియో లేదు. దిగేవాడికి ఎక్కేవాడు ఏం చేస్తాడో తెలియదు. ఎవరి కళ్లు వాళ్లకు దిక్కు. రద్దీ పెరిగేకొద్దీ భయమూ పెరిగింది. అందుకే మైదానం చివర ఒక మనిషిని నిలబెట్టారు.

పొద్దున్నే ఆర్చీ తన బండిని తోసుకుంటూ మైదానం మీదికి వెళ్లేవారు. అందులో ఒక మడత కుర్చీ, పెద్ద గొడుగు, మధ్యాహ్నం తిండి, మంచినీళ్లు, రాసుకోవడానికి ఒక పుస్తకం, రెండు జెండాలు. మనలో చాలామంది అమ్మానాన్నలు కట్టడాల దగ్గర ఇసుక, కంకర మోసింది అలాంటి బండిలోనే. గాలి ఎటు వీస్తే విమానాలు దానికి ఎదురుగా దిగాలి కాబట్టి, గాలి మారితే ఆయన కూర్చునే చోటూ మారేది. ఎర్ర జెండా ఊపితే ఆగమని. గళ్ల జెండా ఊపితే వెళ్లమని. ఎండాకాలం గొడుగు కింద, చలికాలం మందపాటి చలి సూటులో, ఇదే పని.

ప్రపంచంలో ఇదే మొదటిది అనడం సరికాదు. లండన్ దగ్గర క్రోయ్‌డన్‌లో 1920 నాటికే నియంత్రణ గది ఉంది. అమెరికా మటుకు ఆర్చీ లీగ్‌నే తన మొదటి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా లెక్కిస్తుంది.

జెండా పనిచేయాలంటే రెండు ఉండాలి. కింద ఊపే చెయ్యి, పైన చూసే కన్ను. చీకటి పడినా, పొగమంచు కమ్మినా జెండా ఒట్టి గుడ్డముక్కే. అందుకే 1930ల మొదట్లో లాంబర్ట్‌లో రేడియో ఉన్న టవర్ కట్టారు. అందులో కూర్చున్న మొదటి మనిషి కూడా ఆయనే. పనిముట్టు మారగానే మనిషిని తీసిపారేయలేదు. ఈ సంగతి మాకు చాలా నచ్చింది.

టవర్ చూపు కూడా కొంతదూరమే. ఊరికీ ఊరికీ మధ్య ఎగిరే విమానాల సంగతి ఎవరు చూస్తారు? దీనికోసం 1935 డిసెంబరులో న్యూయార్క్ పక్కన నెవార్క్‌లో విమాన కంపెనీలే కలిసి ఒక కేంద్రం తెరిచాయి. అక్కడ ఉన్నవి నల్లబల్ల, పటం, టెలిఫోన్. ఏ విమానం ఎప్పుడు ఎక్కడ ఉంటుందో లెక్క కట్టి రాసేవారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ బాధ్యత తీసుకుంది. 1937లో ఆర్చీ లీగ్ ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక పైలట్‌గా పనిచేసి కల్నల్ హోదా వరకు ఎదిగారు. యుద్ధం ముగిశాక మళ్లీ పాత శాఖకే వచ్చారు.

1956 జూన్ 30న జరిగిన ఘోరం ఆ శాఖను కుదిపేసింది. ఆ ఉదయం లాస్ ఏంజెలెస్ నుంచి కొద్ది నిమిషాల తేడాతో బయలుదేరిన రెండు ప్రయాణికుల విమానాలు గ్రాండ్ కాన్యన్ లోయ మీద, ఇరవై ఒక్క వేల అడుగుల ఎత్తులో ఢీకొన్నాయి. 128 మంది చనిపోయారు. అక్కడి ఆకాశంలో వాటిని కింద నుంచి చూసేవాళ్లు ఎవరూ లేరు. ఒకరినొకరు చూసుకుని తప్పుకోవడం పైలట్లకే వదిలేశారు. 1929లో సెయింట్ లూయిస్ మైదానంలో ఉన్న సమస్యే ఇరవై ఒక్క వేల అడుగుల ఎత్తుకు చేరిందన్నమాట. ఆ తర్వాత 1958 చట్టంతో అమెరికా ఆకాశమంతటికీ ఒకే సంస్థ ఏర్పడింది. బండి తోసిన ఆ మనిషి చివరికి ఆ సంస్థలోనే ఎయిర్ ట్రాఫిక్ విభాగానికి డైరెక్టర్ అయ్యారు. 36 ఏళ్ల ప్రభుత్వ సేవ తర్వాత 1973లో పదవీ విరమణ చేసి, 1986లో కన్నుమూశారు. అమెరికా కంట్రోలర్ల సంఘం ప్రమాదాలు తప్పించినవారికి ఏటా ఆయన పేరిట పతకం ఇస్తోంది.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, డ్రోన్ల వల్ల. పెళ్లిళ్లలో ఫొటోలు తీసేది, పొలంలో మందు కొట్టేది మనమంతా చూశాం. దాన్ని రిమోటుతో నడిపేవాడు కళ్లతో చూస్తూనే ఉంటాడు. కానీ తనంతట తానే పది కిలోమీటర్లు వెళ్లి వచ్చే డ్రోన్ సంగతి వేరు. అందులో జెండా చూసే కన్ను లేదు, రేడియోలో జవాబిచ్చే నోరు లేదు. ఒక పట్టణం మీద వందల కొద్దీ తిరిగితే ఎంతమంది కంట్రోలర్లను కూర్చోబెట్టగలం?

ఈ చిక్కు విప్పడానికి అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పరిమల్ కోపర్దేకర్ అనే భారత సంతతి ఇంజనీరు ఆధ్వర్యంలో ఒక పద్ధతి రూపొందింది. 2015 నుంచి 2019 వరకు నాలుగు దశల్లో దాన్ని పరీక్షించారు. అందులో మనిషి ఒక్కో డ్రోన్‌తో మాట్లాడడు. ఎగరకముందే ప్రతి డ్రోన్ తరఫున దాని దారి, ఎత్తు, సమయం కంప్యూటర్‌కు చెప్పాలి. అదే చోటు, అదే సమయం ఇంకొకరు ముందే తీసుకుని ఉంటే దారైనా మార్చుకోవాలి, వేళైనా మార్చుకోవాలి. మధ్యలో ప్రాణం కాపాడే హెలికాప్టర్ వస్తోందంటే ఆ చోటును మూసేస్తారు, డ్రోన్లు తప్పుకోవాలి. నెవార్క్ నల్లబల్ల మీద సుద్దముక్కతో చేసిన పని ఇదేనని మాకు అనిపించింది. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపించదు.

మన దేశంలో 2021 ఆగస్టులో కొత్త డ్రోన్ నియమాలు, అక్టోబరులో డ్రోన్ల ట్రాఫిక్ విధానం వచ్చాయి. పటంలో ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడగొట్టారు. ఎరుపు అంటే అనుమతి లేనిదే వెళ్లరాదు. ఆర్చీ జెండా రంగే! అదే ఏడాది సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది. రోడ్డు సరిగా లేని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలం మనం. వానాకాలంలో వాగు పొంగితే మందు అందక ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆ ఆకాశంలో దారి ఎవరికి ముందు ఇస్తారు, బట్టల పార్సిల్‌కా పాముకాటు మందుకా, అన్నది మన ఊరి సంగతి కూడా. ఆ వరుస నిర్ణయించేది కంప్యూటరే కావచ్చు. అందులో నియమం రాసేది మాత్రం మనిషే. ఆ గదిలో మనవాళ్లు ఒకరైనా ఉండాలని మా కోరిక.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మనకు అందని ఉద్యోగం అనుకోవద్దు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా నడిపే కంట్రోలర్ నియామకాలకు ఇంజనీరింగ్ వాళ్లే కాదు, భౌతికశాస్త్రం, గణితంతో బి.ఎస్సీ చేసినవాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్‌లో స్పష్టంగా మాట్లాడడం మాత్రం తప్పనిసరి. రాత్రి స్టడీ అవర్‌లో అందరం ఇంగ్లిష్ పీరియడ్‌నే ఎగ్గొడుతున్నామని ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

మన హాస్టల్‌లో చదివి ఏ విమానాశ్రయంలోనైనా పనిచేస్తున్న అన్నలు, అక్కలు ఉంటే ఒక ఆదివారం వచ్చి మాతో మాట్లాడాలని మనవి. మాకు తెలుసుకోవాలని ఉన్నవి చాలా ఉన్నాయి. టవర్లలో ఇప్పటికీ ఒక దీపం ఉంచుతారట. రేడియో చెడిపోయిన విమానానికి దాంతోనే సైగ చేస్తారు. పచ్చ దీపం చూపితే దిగమని, ఎర్ర దీపం చూపితే ఇంకొకరికి దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని. ఆ దీపాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలని ఉంది.