చన్నీళ్ళ వైద్యం చేసిన ఫాదర్

జర్మనీలో కొన్ని ఊళ్ళ పేర్లకు ముందు ‘బాడ్’ అని ఉంటుంది. ఇంగ్లీషు అలవాటైన మనకు అదేదో చెడ్డ ఊరు కాబోలు అనిపిస్తుంది. వాళ్ళ భాషలో బాడ్ అంటే స్నానం. స్నాన చికిత్సలకు పేరుపడి, సర్కారు గుర్తింపు పొందిన ఊళ్ళకే ఆ మాట దక్కుతుంది. మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కడికి పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న బాడ్ వోరిస్‌హోఫెన్ చూసొచ్చాను. దానికి 1920లో ఆ గౌరవం వచ్చింది. తెచ్చింది వేడినీటి బుగ్గలు కావు, మామూలు చన్నీళ్ళు. వాటితో వైద్యం చేసిన సెబాస్టియన్ క్నైప్ అనే చర్చి ఫాదర్.

ఆయన 1821లో ఒక పేద నేతగాడి ఇంట పుట్టారు. మన మంగళగిరిలో, పెడనలో గుంట మగ్గాల మీద పిల్లలు పెద్దలకు సాయపడినట్టే, ఆయనా చిన్నప్పుడు ఇంటి కింది గదిలో మగ్గం నేశారు. చదువుకుని ఫాదర్ కావాలని ఆశ. పైసా పైసా కూడబెడితే ఇల్లు కాలిపోయి అదంతా బూడిదైంది. ఒక ఫాదర్ దయతలచి చదువు చెప్పారు. తీరా పై చదువులో ఉండగా క్షయ పట్టుకుంది.

అప్పట్లో క్షయ అంటే ఆశ వదులుకోవడమే. దాని క్రిమిని రాబర్ట్ కోచ్ కనుక్కున్నది 1882లో. మందులు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ రాలేదు. ఆ రోజుల్లో ఈయనకు నీటి వైద్యం మీద యోహాన్ హాన్ అనే వైద్యుడి పాత పుస్తకం దొరికింది. 1849 చలికాలంలో డాన్యూబ్ నదికి పరుగెత్తడం, క్షణాలపాటు మునగడం, వెంటనే బట్టలు తొడుక్కుని ఒళ్ళు వేడెక్కేలా తిరిగి నడిచి రావడం! కోలుకున్నారు, 1852లో ఫాదర్ అయ్యారు.

పేదవాళ్ళకు ఇదే వైద్యం చెప్పబోతే డాక్టర్లు, మందుల షాపుల వాళ్ళు ఫిర్యాదులు చేశారు. ఆయన మానలేదు. 1855లో వోరిస్‌హోఫెన్ కన్యాశ్రమానికి వచ్చి, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతోనే రోగుల కాళ్ళమీద, వీపుమీద చన్నీళ్ళు పోసేవారు. 1886లో ఆయన పుస్తకం వచ్చాక జనం తండోపతండాలుగా వచ్చారు. పోప్ పదమూడో లియోకీ వైద్యం చేశారు. వచ్చిన డబ్బును పిల్లల ఆశ్రమానికి, చికిత్సాలయాలకు పెట్టేశారు. 1897లో కన్నుమూశారు.

ఆ కన్యాశ్రమంలోనే ఇప్పుడు ఆయన మ్యూజియం ఉంది. ఊరి పార్కులో గులాబీ తోట, మూలికల మళ్ళు, ఉత్తకాళ్ళతో నడిచే బాట ఉన్నాయి. పిక్కల లోతు నీళ్ళలో అందరూ కొంగల్లా ఒక్కో కాలూ పూర్తిగా పైకెత్తి నడుస్తున్నారు. నేనూ చీర కాస్త ఎగ్గట్టి దిగాను. నాలుగడుగులకే జివ్వుమంది! పాదాలు వెచ్చగా ఉన్నప్పుడే దిగాలట. బయటికొచ్చాక తువ్వాలుతో తుడవకుండా, చేత్తో నీళ్ళు దులిపేసి నడవాలి.

ఇది మనకు కొత్తేం కాదండీ. కార్తీకంలో తెల్లవారకముందే కాలవలో మునిగి, అరటి దొప్పల్లో దీపాలు వదిలిన వాళ్ళమే కదా మనం. లైప్‌జిగ్‌కు చెందిన లూయీ కూనే రాసిన నీటి వైద్య గ్రంథం 1894లోనే తెలుగులోకి వచ్చిందంటే, మన పెద్దలకు ఈ విద్య మీద ఎంత ఆసక్తో చూడండి.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇవాళ క్షయకు మందులున్నాయి, పూర్తిగా తగ్గుతుంది. క్నైప్ గారి కథ చదివి ఎవరూ మాత్రలు మానకూడదు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరునడక్కుండా చన్నీళ్ళలో దిగకూడదు.

ఆ ఊరు బుగ్గలైనా లేని వట్టి నీళ్ళను నమ్ముకుని బాగుపడింది. కృష్ణమ్మ పక్కనే ఉంది మనకు. బెజవాడ నడిబొడ్డునే బందరు, ఏలూరు, రైవస్ కాలవలు పారుతున్నాయి. వాటిలో పసుపు కుంకుమలతో పాటు ప్లాస్టిక్ సంచులూ వేస్తున్నది మన చేతులే. మన మనవరాళ్ళు దీపం వదలడానికి కాలవలోకి దిగాలంటే, ముందు ఆ సంచి వెయ్యడం మనం మానాలి.