నర్సింగ్ వృత్తికి పునాది వేసిన ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్‌కౌర్

స్వతంత్ర భారత తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్‌కౌర్ పేరు వినగానే ఢిల్లీలోని ఎయిమ్స్ గుర్తుకు వస్తుంది. నర్సుల శిక్షణకు, హోదాకు ఆమె హయాంలో పడిన పునాదులు మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

కపుర్తలా రాజవంశీకుడైన హర్నామ్ సింగ్ కుమార్తెగా ఆమె లక్నోలో జన్మించారు. ఇంగ్లండ్‌లో చదువు ముగించుకుని వచ్చాక జాతీయోద్యమం వైపు మళ్లారు. 1927లో అఖిల భారత మహిళా సభ స్థాపనలో పాలుపంచుకుని, బాల్యవివాహాలకూ పరదా పద్ధతికీ వ్యతిరేకంగా పనిచేశారు. అనేక సంవత్సరాలు గాంధీజీ కార్యదర్శిగా ఉన్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో కారాగారవాసం అనుభవించారు.

1947లో ఆమె పదవి చేపట్టేనాటికి దేశ ఆరోగ్య చిత్రాన్ని భోర్ కమిటీ అప్పటికే ఆవిష్కరించింది. 1946 నాటి ఆ నివేదిక ప్రకారం దేశంలో ఉన్న నర్సులు దాదాపు 7 వేల మందే. 6,300 మందికి ఒక వైద్యుడు ఉండగా, 43 వేల మందికి ఒక్క నర్సు ఉన్నారు. చాలీచాలని జీతాలు, వసతి కరవు, వృత్తి పట్ల సమాజంలోని చిన్నచూపు యువతులను నర్సింగ్‌కు దూరం చేశాయి. 1971 నాటికి ప్రతి 500 మందికి ఒక నర్సు ఉండాలని కమిటీ లక్ష్యం నిర్దేశించింది.

నర్సుల శిక్షణ ప్రమాణాలు అప్పట్లో ప్రాంతానికో రీతిగా ఉండేవి. ఆ అంతరాన్ని తొలగించేందుకు 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. నర్సులకు, మంత్రసానులకు, హెల్త్ విజిటర్లకు దేశమంతటా ఒకే స్థాయి శిక్షణ దాని ఆశయం. 1946లో ఢిల్లీలో ప్రారంభమైన నర్సింగ్ కళాశాల ఈ వృత్తికి విశ్వవిద్యాలయ పట్టా గౌరవాన్ని తెచ్చింది. నేడు ఆ కళాశాల ఆమె పేరుతోనే నడుస్తోంది.

1950లో ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షురాలైన తొలి మహిళగా ఆమె గుర్తింపు పొందారు. 1956లో ఎయిమ్స్ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. తగినంత సిబ్బందితో నర్సింగ్ కళాశాలను నిర్వహించడం కూడా ఆ చట్టం ఎయిమ్స్‌కు అప్పగించిన విధుల్లో ఒకటి. సిమ్లాలోని సొంత భవనం మనోర్‌విల్‌ను ఎయిమ్స్ నర్సులు, సిబ్బంది విశ్రాంతి గృహంగా వాడుకునేందుకు విరాళంగా ఇచ్చారు.

అయినా 1971 లక్ష్యం నెరవేరలేదు. శిక్షణ ప్రమాణాలను కేంద్రం నిర్ణయించగలదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోస్టుల మంజూరు, భర్తీ, జీతాలు ప్రధానంగా రాష్ట్రాల పరిధిలోనివి. చట్టం నర్సుకు అర్హతను ఇచ్చింది కానీ, ఆమెకు ఉద్యోగం దక్కాలంటే బడ్జెట్‌లో చోటు దొరకాలి.

1957లో మంత్రి పదవి వీడిన అమృత్‌కౌర్ 1964లో కన్నుమూశారు. రోగి మంచం పక్కన నిలిచే చేతులు చాలినన్ని ఉన్నాయా అన్న ప్రశ్న ఆమె తరువాతి ప్రతి ప్రభుత్వానికీ వారసత్వంగా అందింది.